పుట్టి లెక్కలో 120 రూపాయల తేడా: మీరు రాసిన కోడును ఎలా సరిచూసుకుంటారు?

పెన్నాగట్టు (చర్చ మొదలుపెట్టినవారు) · ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. పదహారేళ్లుగా ప్రోగ్రాములు రాయడమే నా వృత్తి. నాలుగేళ్లుగా నెల్లూరులో ఇంటి నుంచే పని చేస్తున్నాను. కోతల కాలంలో జరిగిన ఒక సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మీలో కోడు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా మేనమామకు కోవూరు దగ్గర చిన్న రైసు మిల్లు ఉంది. రైతు తెచ్చిన ధాన్యానికి తూకం చూసి, సొమ్ము లెక్కగట్టి చీటీ ఇచ్చే ప్రోగ్రాము కావాలన్నాడు. రెండు సాయంత్రాలు కూర్చుని రాసి ఇచ్చాను. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. తూకంలో ఎన్ని పుట్లున్నాయో చూసి పుట్టి రేటుతో గుణించాలి. మిగిలిన కిలోలకు విడిగా లెక్కగట్టి కలపాలి. అంతే పని. ఇందులో తప్పు దొర్లుతుందన్న ఊహే నాకు రాలేదు.

ఒకరోజు ఒక పెద్దాయన చీటీ పట్టుకుని మళ్లీ మిల్లుకు వచ్చాడు. ఆయన తెచ్చింది 5,700 కిలోలు, అంటే ఆరు పుట్ల 600 కిలోలు. పుట్టి రేటు 19,720 రూపాయలు. చీటీలో 1,32,120 అని ఉంది. తనకు 120 రూపాయలు తక్కువ పడిందన్నాడు. గుమాస్తా చీటీ చూసి, “కంప్యూటర్ లెక్క తప్పదు పెద్దాయనా” అని పంపేశాడు. మర్నాడు ఆయన మళ్లీ వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. బల్ల మీద వేలితో గీస్తూ చెప్పుకొచ్చాడు. “ఆరు పుట్లకు లక్షా పద్దెనిమిది వేల మూడు వందల ఇరవై. అది సరిపోయింది. ఇక 600 కిలోలు. అందులో పందుము, అంటే అర పుట్టి తీసెయ్యి, 425. దానికి పుట్టి రేటులో సగం, 9,860. మిగిలింది 175 కిలోలు, దానికి 4,060. రెండూ కలిపితే 13,920. నీ చీటీలో 13,800 ఉంది.”

ఇంటికి వెళ్లి కోడు తెరిచాను. పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

కిలో_రేటు = పుట్టి_రేటు / 850
మిగులు_సొమ్ము = మిగులు_కిలోలు * కిలో_రేటు

19,720ని 850తో భాగిస్తే 23.2 రావాలి. రెండూ పూర్ణాంకాలు కావడంతో నేను వాడిన భాషలో 23 మాత్రమే నిలిచింది. కిలోకు 20 పైసలు రాలిపోయాయి. 600 కిలోల మీద 120 రూపాయలు. ముందు గుణించి తర్వాత భాగించి ఉంటే ఈ తేడా వచ్చేది కాదు.

అప్పటికే 143 చీటీలు రైతుల చేతికి వెళ్లిపోయాయి. అన్నీ తిరగేసి చూస్తే మొత్తం 11,640 రూపాయలు తక్కువ ముట్టాయి. మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనకుండా అందరికీ ఫోన్లు చేసి ఇచ్చేశాడు.

సొమ్ము తిరిగి వెళ్లింది కానీ “కంప్యూటర్ లెక్క తప్పదు” అన్న మాట నన్ను వదలడం లేదు. గుమాస్తా నన్ను నమ్మి ఆ మాట అన్నాడు. ఆ పెద్దాయనకు నోటిలెక్క రాకపోయి ఉంటే? మిగిలిన 142 మందిలో ఒక్కరూ అడగలేదు కదా.

అందుకే అడుగుతున్నాను. మీరు రాసినదాన్ని మీరు ఎలా సరిచూసుకుంటారు? ఆ అలవాటు మీకు ఎవరి దగ్గర అబ్బింది?

---

కొత్తపట్నం_అల · ఆదివారం, ఉదయం 8:02

సొమ్ము వెనక్కి ఇచ్చారు, అది చాలా పెద్ద విషయం. మీ మామయ్యగారికి నమస్కారాలు చెప్పండి.

---

సూళ్లూరుపేట_మేడ · ఆదివారం, ఉదయం 9:25

2022లో మా ఊరు తిరుపతి జిల్లాలో చేరినా నెల్లూరు వాళ్ల చర్చల్లోకి రాకుండా ఉండలేను. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా మేడ ఎక్కి చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే ఈ కథ నాకు కంఠస్థం.

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి ఐరోపావాళ్ల రాకెట్టు ఏరియాన్-5 మొదటిసారి లేచింది. దాదాపు 37 సెకన్లకే దారి తప్పింది, ఆ వెంటనే పేలిపోయింది. కారణం మీ మిల్లు చీటీకి దగ్గరి చుట్టమే. రాకెట్టు అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయారు. రుణ సంఖ్యలకూ చోటిచ్చే ఆ 16 బిట్లలో పట్టే అతి పెద్ద విలువ 32,767. వచ్చిన విలువ అంతకన్నా పెద్దది.

ఆ కోడు అంతకుముందు ఏరియాన్-4లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. ఆ రాకెట్టులో ఆ విలువ అంత పెద్దది కావడానికి ఆస్కారం లేదు. కొత్త రాకెట్టు దారి వేరు, పాత కోడు మాత్రం అలాగే వచ్చి కూర్చుంది. ఒకటి చెడితే ఆదుకోవడానికి రెండో యంత్రం కూడా పెట్టారు. అందులోనూ ఉన్నది అదే ప్రోగ్రాము కాబట్టి రెండూ ఒకే కారణానికి పడిపోయాయి. నన్ను ఇంకా బాధపెట్టేది ఏమిటంటే, ఆ లెక్కకు రాకెట్టు నేల విడిచాక అసలు అవసరమే లేదు.

మీరు అడిగిన అలవాటు విషయానికి వస్తే, ఎక్కడి నుంచైనా కోడు తెచ్చి వాడుకునేటప్పుడు “ఇది పుట్టిన చోట ఏది నిజమని అనుకున్నారు, ఇక్కడ కూడా అది నిజమేనా?” అని ఒక కాగితం మీద రాసుకుంటాను. రాయకపోతే ఆ ప్రశ్న వేసుకోను. నా సంగతి నాకు తెలుసు.

---

పలక_బలపం · ఆదివారం, ఉదయం 11:40

పెన్నాగట్టు గారూ, మీ రెండు వరుసలూ నేను తరగతిలో వాడుకోవచ్చా? కందుకూరులో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగు చెబుతాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటి నెల పిల్లల్ని కంప్యూటర్ ముట్టుకోనివ్వను. ఒక్కొక్కరికి ఒక మార్కాపురం పలక, బలపం ఇస్తాను. పలక మీద నిలువు గీతలు గీసి, పైన చరరాశుల పేర్లు రాయమంటాను. కోడులో ఒక్కో వరుసా చదువుతూ ఏ విలువ మారిందో ఆ గడిలో పాతది తుడిచి కొత్తది రాయాలి. కాగితం మీద కొట్టివేస్తే పాత విలువ కనిపిస్తూనే ఉంటుంది. పలక మీద తుడిస్తే నిజంగా పోతుంది. యంత్రం జ్ఞాపకంలో జరిగేది అదే. రెండు సంఖ్యలను తారుమారు చేయడానికి మూడో గడి ఎందుకు కావాలో నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, పలక మీద ఒక్కసారి విలువ తుడిచిపెట్టుకుని “అయ్యో” అన్న పిల్లకు ఇక జన్మలో మరుపు రాదు.

మొదట్లో తల్లిదండ్రులు వచ్చి, డిగ్రీ పిల్లలకు పలకలు ఏమిటని అడిగారు. ఒకాయన పలక చేతికి తీసుకుని తన లారీ అద్దె లెక్క దాని మీద వేసి చూసుకుని, ఇంకేమీ అడగకుండా వెళ్లాడు.

నాకు దిగులు కలిగించేది ల్యాబు రికార్డులు. పాతవాళ్ల రికార్డు చూసి కొత్తవాళ్లు ఎక్కించడం, పరీక్షకు కోడు బట్టీపట్టడం. సెమికోలను ఎక్కడ ఉందో కూడా గుర్తుపెట్టుకుంటారు, ఎందుకు ఉందో అడిగితే తలదించుకుంటారు. తప్పు వాళ్లది కాదు, తప్పు చేస్తే మార్కులు కోసే మా పద్ధతిది. తప్పు చేసి, దాన్ని తానే పట్టుకుని దిద్దుకున్న విద్యార్థికి ఎక్కువ మార్కులు ఇచ్చే వీలు మా జవాబు పత్రంలో లేదు.

---

మగ్గంగుంట · ఆదివారం, మధ్యాహ్నం 2:15

మాది వెంకటగిరి. నాన్న మగ్గం నేసేవారు. నేను చెన్నైలో కోడు రాస్తాను. ఈ అలవాటు ఎవరి దగ్గర అబ్బిందని అడిగారు కదా, నాకు నాన్న దగ్గరే.

చీర అంచు డిజైను ముందు గ్రాఫు కాగితం మీదికి వస్తుంది. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. పేక ఒకసారి వేయడానికి ఒక అట్ట. అట్టలన్నీ వరుసగా కుట్టి గొలుసులా జాకార్డు పెట్టె మీద వేలాడదీస్తారు. ఒక్క అట్టలో ఒక్క చిల్లు పక్కకు పడిందంటే, అంచులో ఉన్న ప్రతి మామిడి పిందెకూ ముక్కు అదే చోట విరుగుతుంది. చీర పొడవునా.

అందుకని కొత్త అట్టలు ఎక్కించిన రోజు నాన్న జరీ ముట్టుకునేవారు కాదు. మామూలు నూలుతో ఒక జానెడు నేసి, గుంటలోంచి లేచి, బట్ట వెనకవైపు చేత్తో నిమిరేవారు. ముందువైపు కన్ను మోసపోతుందని, వెనక పోగుల తీరు మోసం చేయదని ఆయన నమ్మకం. తప్పు దొరికితే అట్టను పారేయరు. చిల్లు మీద కాగితం అంటించి, పక్కన కొత్త చిల్లు కొడతారు. మా ఇంట్లో ఒక పాత అట్టల గొలుసు ఉంది. దాని మీద అలాంటి అతుకులు ఏడు లెక్కపెట్టాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అసలు సమాచారం మీద నడిపే ముందు చిన్న నమూనా మీద నడిపి చూడమని మా పెద్ద ఇంజనీరు చెబితే, జానెడు నేసి చూడమంటున్నారని వెంటనే అర్థమైంది. అందరికన్నా ముందు పట్టుకున్నది నేనే.

ఫ్రాన్సులో జాకార్డు ఆ మగ్గాన్ని 1804లో తెచ్చాడు. చిల్లుల అట్టలతో యంత్రానికి పని చెప్పవచ్చన్న ఆలోచన అక్కడి నుంచే లెక్కల యంత్రాలకు పాకింది. జాకార్డు మగ్గం పూలనూ ఆకులనూ నేసినట్టే బాబేజ్ గారు రూపొందించిన లెక్కల యంత్రం బీజగణితాన్ని నేస్తుందని ఏడా లవ్‌లేస్ 1843లో రాసింది. ఈ విషయం నాన్నకు చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఆమె మగ్గం దగ్గర నిలబడి చూసినట్టుంది” అన్నారు.

---

కొత్తపట్నం_అల · ఆదివారం, రాత్రి 9:50

పొద్దున ఒక్క మాట రాసి ఊరుకున్నాను కానీ రోజంతా చదువుతూనే ఉన్నాను. మనసులో ఉన్నది చెప్పాలి.

మీరందరూ చెబుతున్నది అందంగా ఉంది. పెన్నాగట్టు గారి మిల్లులో తప్పు జరిగితే రైతు నడిచి వచ్చి బల్ల మీద లెక్క చూపించాడు. మగ్గంగుంట గారి నాన్నగారు బట్టను చేత్తో నిమిరారు. నేను తొమ్మిదేళ్లుగా విదేశీ బీమా సంస్థల కోసం కంప్యూటర్‌లో కనిపించే తెరలు తయారుచేస్తున్నాను. వాటిని వాడే మనిషిని ఒక్కరినైనా కంటితో చూడలేదు. వాళ్లు వృద్ధులో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లో, ఏ వేళకు ఎంత భయంతో ఆ మీట నొక్కుతారో నాకు తెలియదు. నాకు వచ్చేది ఒక సంఖ్య వేసిన ఫిర్యాదు. అది మూసేస్తే నా పని అయినట్టు లెక్క.

రాత్రి పదకొండుకు 900 వరుసల మార్పు వస్తుంది, సమీక్షించి పంపమంటారు. తెల్లవారితే విడుదల. నాలుగు నిమిషాల్లో “బాగుంది” అని రాసి పంపుతాను. అందరూ అలాగే పంపుతారు. ఎవరైనా నిజంగా చదివి ప్రశ్న వేస్తే ఆలస్యానికి ఆ మనిషే కారణమవుతాడు. చేతిపని మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమకు గంటల పట్టికలో గడి లేదు.

---

కావలి1962 · సోమవారం, ఉదయం 6:30

కొత్తపట్నం తమ్ముడూ, నీ మాటల్లో నిజం ఉంది. నేనూ ఎన్నడూ చూడని మనుషుల కోసమే పని చేశాను. ఒక చిన్న సంగతి చెబుతాను.

1998, 99లలో మాకు పని 2000 సంవత్సరం సమస్య. పాత కంప్యూటర్ల చిల్లుల అట్ట మీద ఉండేవి 80 నిలువు గడులే, యంత్రపు జ్ఞాపకం బంగారం ధర. అందుకని పాతకాలం వాళ్లు సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. 99 తర్వాత 00 వస్తే యంత్రం వెనక్కి నడుస్తుంది. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగు భాషలో వేల వరుసల కోడు చదివి, తేదీ ఎక్కడెక్కడ దాక్కుందో వెతకడమే రోజంతా పని. దానికి తోడు ఇంకో చిక్కు. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదని కొందరు రాసి ఊరుకున్నారు. నాలుగు వందలతో భాగించబడితే లీపు అవుతుందన్న రెండో ముక్క మరిచారు. 2000 లీపు సంవత్సరం. అలాంటివి చాలా దిద్దాము.

ఒక రాత్రి ఒక పింఛను లెక్కల ప్రోగ్రాములో విచిత్రమైన నిబంధన కనిపించింది. అర్థం లేనిదిగా తోచి తీసేయబోయాను. పైన ఒక వ్యాఖ్య ఉంది, 1979 తేదీతో. భర్త చనిపోయిన నెలలోనే ఆమెకు అరవై నిండితే పింఛను రెండుసార్లు ఆగిపోతోందని, ఈ వరుస అందుకోసమేనని, తీసే ముందు ఆలోచించమని రాసి ఉంది. రాసిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవడో అర్ధరాత్రి వచ్చి తీసేస్తాడని ఆ మనిషికి తెలుసు. నాకోసం రాసిపెట్టాడు.

అప్పటి నుంచి నాకు మనుషులు కనిపించకపోవడం అడ్డు కాలేదు. వాడేవాళ్లు కనపడరు నిజమే. తర్వాత చదివేవాడు మాత్రం ఖాయంగా ఉంటాడు. వాడికి రాయి. దానికి గంటల పట్టికలో గడి అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

ఇలాంటిది మళ్లీ వస్తోంది, మీ తరం చూస్తుంది. చాలా యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. 32 బిట్లలో దాచినవాటికి 2038 జనవరి 19న గడి నిండిపోతుంది. ఇప్పుడు ఎక్కడో బోరు మోటారుకో, చెరువు ఏరియేటరుకో బిగిస్తున్న చిన్న పెట్టెల్లో అలాంటి కోడు ఉంటే, అప్పటికి దాన్ని రాసినవాడు ఎక్కడ ఉంటాడో.

---

దొనకొండ_లైను · సోమవారం, మధ్యాహ్నం 1:05

పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నాను, తప్పయితే మన్నించండి. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. కోడు చాలావరకు కృత్రిమ మేధ సాధనం రాస్తుంది, నేను చెప్పింది చేస్తుంది. పలక మీద నేర్చుకునే నెలరోజులు నాకు దక్కలేదు. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారేమోనని బెరుకు. అసలు రాయడమే యంత్రం చేస్తున్నప్పుడు, మీరు చెబుతున్న ఈ పనితనం నాలాంటివాళ్లకు ఎక్కడ అబ్బుతుంది? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

పెన్నాగట్టు · సోమవారం, రాత్రి 8:20

అమ్మా, ఇందులో నవ్వేది ఏమీ లేదు. అడగవలసిన ప్రశ్నే అడిగావు. జవాబు నా దగ్గర పూర్తిగా లేదు కానీ ఈరోజు నీ ప్రశ్న చూశాక ఒక పని చేశాను. మిల్లు చీటీ లెక్కను అలాంటి సాధనానికే ఇచ్చి చూశాను.

భాగహారం దగ్గర అది నాకన్నా జాగ్రత్తగా ఉంది. ముందు గుణించి తర్వాత భాగించింది, పైసల్లో లెక్క కట్టింది. నేను దొర్లించిన తప్పు దానికి దొర్లలేదు. ఒప్పుకోవాలి. కానీ పుట్టికి ఎన్ని కిలోలో నేను చెప్పలేదు, అది అడగలేదు. తానే ఒక అంకె వేసుకుంది, అది 850 కాదు. చూడటానికి కోడు శుభ్రంగా, నమ్మకంగా ఉంది. ఆ ప్రకారం చీటీలు ఇచ్చి ఉంటే 120 రూపాయలతో పోయేది కాదు.

పుట్టి అన్నది ఊరిని బట్టి మారే కొలత. మన నెల్లూరు కాటా దగ్గర నిలబడినవాడికి 850 అని తెలుసు. ఆ పెద్దాయనకు పందుము ఎంతో, దానికి పడే సగం రేటు ఎంతో నోటికి వచ్చు. అది ఏ సాధనానికైనా మనమే చెప్పాలి. చెప్పాక అది ఇచ్చిన జవాబు ఆ పెద్దాయన లెక్కతో కలుస్తుందో లేదో మనమే చూడాలి. నీకు పనితనం అబ్బే చోటు అదేనేమో. ఏది అడగాలో తెలియడం, వచ్చినదాన్ని వరుస వరుసా చదవగలగడం. చదవడం రావాలంటే కొంతకాలం చేత్తో రాయక తప్పదని నా అనుభవం. పలక కొనుక్కో, సిగ్గుపడకు.

---

వట్రసుడి · సోమవారం, రాత్రి 10:45

చీటీ మీద రైతు పేరు తెలుగులో వస్తోందా పెన్నాగట్టు గారూ? వస్తుంటే పేరుకు ఎన్ని అక్షరాల చోటు ఇచ్చారో ఒకసారి చూడండి. నేను తెలుగు అక్షరాలు తెర మీదికి వచ్చే తీరు మీదే పనిచేస్తాను, ఎక్కువగా తప్పులు దొర్లేది అక్కడే.

‘నెల్లూరు’ మనకు మూడక్షరాలు: నె, ల్లూ, రు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలు ఇచ్చే యూనికోడులో అవి ఎనిమిది సంకేతాలు: న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం. వాటిని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే ఒక్కోదానికి మూడు చొప్పున 24 బైట్లు, అంటే యంత్రం జ్ఞాపకంలో 24 చిన్న గడులు. మీరు 20 బైట్ల చోటు ఇస్తే ‘నెల్లూరు’ అన్న మాట కూడా పట్టదు, చివరి ‘రు’ తెగిపోతుంది. “అక్షరం అంటే ఒక బైటు” అని ఎక్కడో ఎవరో రాసిన కోడును మనం అలాగే తెచ్చుకుంటున్నాం. రాకెట్టు కథ మళ్లీ ఇదే.

పలక_బలపం గారూ, ‘మాటను వెనక నుంచి ముందుకు తిప్పండి’ అన్న అభ్యాసం మీ పాఠంలోనూ ఉండే ఉంటుంది. ఈసారి ‘కావలి’ ఇచ్చి చూడండి. పుస్తకంలో ఉన్న కోడు గుడిని ల కన్నా ముందు తెచ్చి పెడుతుంది, అది పట్టుకోవడానికి హల్లు లేక గాలిలో వేలాడుతుంది. తమ భాషలో మాట విరిగిపోవడం చూసినప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుసలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. సందేశం అందుకుంటే చాలు. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. ప్రపంచమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. నాకు మాత్రం కష్టం వేసింది. కోట్లమంది రోజూ రాసే లిపిలో ఆ వరుస, ఫోను బయటికి వచ్చే ముందు ఎవరి బల్ల మీదా పరీక్షకు రాలేదన్నమాట. మన అక్షరాలతో పరీక్షలు మనం రాసి ఇవ్వకపోతే ఇంకెవరు రాస్తారు?

---

సూళ్లూరుపేట_మేడ · మంగళవారం, ఉదయం 7:55

వట్రసుడి గారి టపా చదివి మా ఆఫీసు ఫారం తెరిచి చూశాను. చిరునామా గడిలో ‘సూళ్లూరుపేట’ అని తెలుగులో కొడితే ‘సూళ్లూరుప’ దగ్గర ఆగింది. ఆ ఫారం రాసింది నేనే. ఈరోజే మారుస్తున్నాను.

---

మగ్గంగుంట · మంగళవారం, ఉదయం 9:30

కొత్తపట్నం అన్నా, మీ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. తప్పు చూపినవాడిని ఆలస్యానికి కారణమని చూడటం మా దగ్గరా ఉంది. దీనికి పూర్తి విరుద్ధంగా నడుచుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్. తన పుస్తకంలో తప్పు పట్టిన ప్రతివారికీ 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసి పంపేవారు. 256 సెంట్లు, పదహారు పదహార్లు. చాలామంది వాటిని బ్యాంకులో వేయకుండా పటం కట్టించుకుని గోడకు తగిలించుకున్నారు.

కోడులో మార్పుల చరిత్ర దాచే గిట్ అనే సాధనంలో, ఎవరు ఏ వరుస రాశారో చూపించే ఆదేశానికి పెట్టిన పేరు ‘బ్లేమ్’, అంటే నింద. రోజూ ఆ మాట కొట్టి కొట్టి తప్పును నిందగానే చూడటం అలవాటైందేమో అనిపిస్తుంది. మా జట్టులో ఆ పేరు మార్చుకుని ‘ఎవరిని అడగాలి’ అని పెట్టుకున్నాం. పని అదే చేస్తుంది. కానీ ఇప్పుడు దాన్ని వాడాక మనుషులు నిజంగానే వెళ్లి అడుగుతున్నారు.

---

కొత్తపట్నం_అల · మంగళవారం, రాత్రి 11:20

రాత్రి 640 వరుసల మార్పు వచ్చింది. “బాగుంది” అని రాయలేదు. అంతా చదవలేదు కూడా, సమయం లేదు. డబ్బు లెక్క ఉన్న 50 వరుసలు మాత్రం కూర్చుని చదివాను. ఒకచోట భాగహారం ముందు, గుణకారం తర్వాత ఉంది. పెన్నాగట్టు గారి చీటీ ఉన్నది ఉన్నట్టు. రాసిన అబ్బాయికి ఫోను చేసి 19,720, 850, 600 చెప్పి చేత్తో వేయమన్నాను. రెండు నిమిషాలు అవతల చప్పుడు లేదు. తర్వాత, “అన్నా, దిద్ది పంపుతాను” అన్నాడు.

విడుదల గంటన్నర ఆలస్యమైంది. ఎందుకని పొద్దున అడుగుతారు. ఏం చెప్పాలో రాసిపెట్టుకున్నాను.

కావలి అన్నా, ఆ వరుస పైన నేనూ ఒక వ్యాఖ్య పెట్టాను, తేదీ వేసి.

---

పెన్నాగట్టు · బుధవారం, ఉదయం 6:45

వట్రసుడి గారూ, చూశాను. పేరుకు 30 బైట్లు ఇచ్చాను. 143 చీటీల్లో 61 పేర్లు తెగి ఉన్నాయి. ఒక వెంకటసుబ్బయ్యగారి పేరు ‘వెంకటసుబ్బ’ దగ్గరే ఆగిపోయింది. ఆయన ఏమీ అనుకోకుండా అదే చీటీ చూపించి సొమ్ము తీసుకెళ్లారు. ఇప్పుడు చోటు పెంచాను, కొలత బైట్లలో కాకుండా చూశాను.

కోడులో చేసిన మిగతా మార్పులు ఇవి. సొమ్మంతా పైసల్లో పూర్ణాంకాలుగా దాస్తున్నాను. గుణకారం ముందు, భాగహారం ఆఖరున. పైస తెగితే రైతు వైపు మొగ్గేలా పెట్టాను, మామయ్యను అడిగే చేశాను. 850 అన్న అంకె కోడులో ఒక్కచోటే ఉంది, దానికి ‘నెల్లూరు_పుట్టి_కిలోలు’ అని పేరు పెట్టాను. పైన మూడు వరుసల వ్యాఖ్య, ఆ 120 రూపాయల కథతో సహా.

నిన్న సాయంత్రం ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. పెన్నకు అవతలి గట్టున ఉంటారు. నా ప్రోగ్రామును పరీక్షించడానికి పది లెక్కలు ఇవ్వమని అడిగాను. ఎందుకని అడిగారు, చెప్పాను. అరుగు మీద కూర్చుని చెబుతూ పోయారు, నేను రాసుకున్నాను. అసలు మిగులు లేని తూకం, ఒక్క కిలో మిగిలే తూకం, పుట్టికి ఒక్క కిలో తక్కువ తూకం. ఎవరూ నేర్పకుండానే సరిగ్గా తప్పులు దొర్లే అంచులన్నీ ఎంచారు. కాటా దగ్గర గొడవలు వచ్చేది అక్కడేనట. పదీ ఇప్పుడు నా పరీక్షల ఫైలులో ఉన్నాయి. మొదటిది 5,700 కిలోలు, 1,32,240 రూపాయలు.

---

పలక_బలపం · బుధవారం, సాయంత్రం 5:30

ఈరోజు తరగతిలో మీ రెండు వరుసలూ బోర్డు మీద రాసి, పలకల మీద చేయమన్నాను. పదిహేడు మందిలో పదకొండు మంది 13,920 అని రాశారు, అంటే కోడు చెప్పింది చేయకుండా లెక్క తెలిసినట్టు చేశారు. ఆరుగురే యంత్రంలా నడిచి 13,800 తెచ్చారు. ఎవరిది తప్పు అన్నదాని మీద గంట కొట్టేదాకా వాదన సాగింది.

వెనక బెంచీ అమ్మాయి ఒకతె, “మేడమ్, మా ఊళ్లో పుట్టి 850 కాదేమో, తాతను అడిగి రానా?” అంది. రేపు అందరినీ ఇళ్లలో అడిగి రమ్మన్నాను. పెన్నాగట్టు గారూ, ఆ పెద్దాయన ఇచ్చిన పది లెక్కలూ పంపిస్తారా?

---

పెన్నాగట్టు · బుధవారం, సాయంత్రం 6:02

ఇప్పుడే పంపిస్తున్నాను మేడమ్. నాలుగోది ముందు చేయించండి, 849 కిలోలది.